మాకూ ఒక గడియ తలుపు

అత్తయ్యా, నమస్కారాలు. నా పని పోయిందని ఎవరో చెప్పిన మాట నమ్మకండి. ఇక్కడే ఉన్నాను, బాగున్నాను.

మేం కట్టే బిల్డింగులో ఇంటికి మూడు బాత్రూములు. ఇటుకలు మోసే ఆడవాళ్లకి మాత్రం ఒక్కటీ లేదు. సాయంత్రం దాకా బిగబట్టుకోవాల్సిందే. మొన్న మాలో పెద్దావిడ కడుపునొప్పితో కూలబడిపోయింది. కొనేవాళ్లకి చూపించడానికి ఒక ఇల్లు ముస్తాబు చేసి పెట్టారు. ఆవిణ్ణి అందులోకి తీసుకెళ్లి, వరసగా అందరం బాత్రూము వాడుకున్నాం. సూపర్‌వైజరు ఉరుక్కుంటూ వచ్చి, "ఇది మీకోసం కాదు, బయటికి నడవండి" అన్నాడు.

"కట్టింది మేమేగా. మాకోటి చూపించండి, పోతాం" అన్నాను.

"అందర్నీ పన్లోంచి తీసేస్తా."

"ముందు నా పేరు కొట్టెయ్యండి" అన్నాను. ఆ పూట ఎవరూ తట్ట ముట్టలేదు. చివరికి ఇంజనీరు దిగొచ్చి కింద మాకో బాత్రూము ఇచ్చాడు. తలుపుకి గడియ లేదంటే అదీ పెట్టించాడు.

పాపకి దగ్గు తగ్గిందా? మేకని అమ్మకండి. నా పాత దుప్పటి ఎవరైనా వస్తుంటే పంపండి. మామయ్యగారికి దణ్ణాలు, పాపకి ముద్దులు.

సర్దుకుపోవడం నేర్చుకోమని రాయించారు. అదొక్కటి నా వల్ల కాదత్తయ్యా, ఇంకేం చెప్పినా వింటాను.

మీ కోడలు