ఆ నీళ్ళ మీదుగా

అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. మేం ముగ్గురం కులాసా. పడవ కూడా కులాసాయే. నేల మీది వాళ్ళు ఇంటి క్షేమం విడిగా రాయనక్కర్లేదు గానీ మాకు తప్పదు. నువ్వూ బావగారూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా?

నీ ఉత్తరం రేవు ఆఫీసులో చాలా రోజులుగా మాకోసం కాచుకుని ఉంది. అక్కడి గుమాస్తా కవరు అటూ ఇటూ తిప్పి చూసి, మీకు ఉత్తరాలు రాసేవాళ్ళు కూడా ఉన్నారా అన్నాడు. ఎగతాళి కాదులే, నిజంగానే ఆశ్చర్యపోయాడు. వీధి చివర తాళ్ళూ లంగరు గొలుసులూ అమ్మే కొట్టు ఉంది. దాని మెట్ల మీద కూర్చుని అక్కడే చదివేశాను. పడవ దాకా ఆగలేకపోయాను.

వంట ఎలా చేస్తావే అని అడిగావు. మా పొయ్యిని రెండు కొక్కేలకు ఉయ్యాలలా వేలాడదీశారు. పడవ ఎటు ఒరిగినా గిన్నె నిటారుగానే ఉంటుంది. ఒరిగేది నేనే. అందుకని నడుముకు పట్టీ కట్టుకుని నిలబడతాను. స్నానం ఉప్పునీళ్ళతో, ఆఖర్న ఒక్క చెంబు మంచినీళ్ళు. వాన పడిందంటే ముగ్గురం సబ్బులు పట్టుకుని పైకి పరుగే. పని విషయానికొస్తే, ఏ రేవుకు వెళ్ళినా చిరిగిన తెరచాపలు ఉంటాయి, మొరాయించే ఇంజన్లూ ఉంటాయి. చాపలు నేను కుడతాను, ఇంజన్లు నీ మరిది చూస్తాడు. నువ్విచ్చిన చేతి కుట్టుమిషను ఇంకా బంగారంలా పనిచేస్తోంది.

మన పిచ్చుకకు తొమ్మిదో ఏడు వచ్చింది. పాఠాలు నేనే చెబుతున్నాను. లెక్కల్లో నన్ను మించిపోయింది, ఇక వాళ్ళ నాన్నే గతి. నువ్వడిగిన తోటిపిల్లల సంగతే బెంగగా ఉంది. రేవులో ఎవరైనా పిల్లలు దొరికి, జత కుదిరే సరికి వాళ్ళ పడవో మాదో కదిలిపోతుంది. ఈమధ్య అది స్నేహం చేయడమే మానేసింది. మొన్న పక్క పడవ పిల్లలు పిలిస్తే వెళ్ళలేదు. ఏమే అంటే, "ఎలాగూ వెళ్ళిపోతారుగా అమ్మా" అంది. నేను బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను.

పొద్దస్తమానం మొగుడు కళ్ళెదుటే ఉంటాడు, నీకేం లోటే అని రాశావు. నవ్వొచ్చింది. సముద్రం మీద ఉన్నప్పుడు ఒకరు పడుకుంటే ఒకరు కాపలా కాయాలి. ఆయన లేచే వేళకు నాకు నిద్ర వేళ. నిచ్చెనమెట్ల దగ్గర ఎదురుపడి, గాలి ఎటునుంచి వీస్తోందో, ఓడలేమైనా కనిపించాయో చెప్పుకుని తప్పుకుంటాం. ఆయన లేచిన పరుపు ఇంకా వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనంలో నేను పడుకుంటాను. చుట్టూ చూస్తే నీళ్ళు. మాట్లాడాలనిపిస్తుంది, ఎవరితోనో తెలియదు. ఒక్కోసారి తెరచాపకు మాట్లు వేస్తూ నీతో పైకే మాట్లాడుతుంటాను. నువ్వు జవాబు చెప్పేంత సేపు ఆగుతాను కూడా.

అందుకే రేడియో అలవాటైంది. పొద్దున్నే చుట్టుపక్కల పడవల వాళ్ళంతా ఎక్కడున్నారో, వాతావరణం ఎలా ఉందో చెప్పుకుంటారు. అందరూ అయ్యాక ఒక పెద్దావిడ నాకోసం ఆగేది. ఎన్నడూ చూసింది లేదు, గొంతే పరిచయం. ఉల్లిపాయలు చెమ్మకు కుళ్ళకుండా ఎలా దాచాలో ఆవిడే నేర్పింది. మాటమాటకీ వాళ్ళాయన్ని తలుచుకునేది. ఆయనింకా లేవలేదమ్మా, ఆయనకు నా చేతి చారు తప్ప గొంతు దిగదమ్మా, ఇలాగ. పిచ్చుక ఆవిడకు రేడియో అమ్మమ్మ అని పేరు పెట్టింది. ఆ కాసేపటి కోసం నేను రోజంతా ఎదురుచూసేదాన్ని అంటే నవ్వకు.

ఒకరోజు వాళ్ళ ఇంజను తిరగడం లేదంది. మీవారిని పిలవండి, మావారు ఏం చేయాలో చెబుతారు అన్నాను. ఆయన పడుకున్నారమ్మా, రేపు అంది. ఆ రేపు ఆవిడ పలకలేదు. మర్నాడూ పలకలేదు.

బ్యాటరీ అయిపోయి ఉంటుంది అన్నాడు నీ మరిది. వెళ్ళి చూద్దామన్నాను. ఒప్పుకున్న పని సగంలో ఉంది, గాలి ఎదురు అన్నాడు. ఆయన ఎప్పుడూ చెప్పే మాటలే. నాకు ఒళ్ళు మండింది. "నాకు మాట్లాడడానికి ఆవిడ తప్ప ఇంకెవరూ లేరు" అన్నాను. పక్కనే నిలబడ్డ మనిషి మొహం మీద ఆ మాట అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు. ఆయన పోయి లంగరు ఎత్తాడు.

సందులాంటి ఒక అఖాతంలో ఆవిడ పడవ దొరికింది. తెరచాపలు ముచ్చటగా చుట్టి కట్టి ఉన్నాయి. పెద్దావిడ పైన కూర్చుని చిక్కుపడ్డ తాడు విప్పుకుంటోంది. గొంతును బట్టి భారీ మనిషి అనుకున్నాను గానీ మన పిచ్చుక కన్నా జానెడు పొడుగుంటుందేమో. నన్ను చూసి లేచి నిలబడి, చేతులు కొంగుకు తుడుచుకుంది. లోపల ఒకే పరుపు, ఒకే కంచం, ఒకే గ్లాసు. ఆయన పోయి చాలాకాలమైందట. ఒంటరిదాన్నని తెలిస్తే ఎవరెలాంటి వాళ్ళో అని మొదట భయపడి అబద్ధం ఆడిందట. తరవాత భయం పోయినా అలాగే చెప్పడం బాగుండేదట.

"రోజూ ఆ కాసేపు ఆయన బతికుండేవారు. నువ్వు పిలవమన్నావు. ఎక్కడి నుంచి పిలవను?" అంది. అందుకని రేడియో ఆపేసింది.

నీ మరిది నేల పలకలు ఎత్తి ఇంజను దగ్గరకు దిగాడు. పిచ్చుకను మా పడవలోనే ఉంచాం. పెద్దావిడ టీ కలుపుతూ, నీ సంగతి చెప్పమ్మా, రోజూ నేను చెప్పడమే గానీ నువ్వేం చెప్పవు అంది. చెప్పాను అక్కా. నీకు చెప్పనిది, ఎవరికీ చెప్పనిది, ఆవిడకు చెప్పాను. ఇప్పుడు నీకు రాస్తున్నాను. కూర్చుని చదువు.

కిందటేడు పెద్ద సముద్రం దాటి ఇటు వచ్చేటప్పుడు నాకు ఐదో నెల. ఒడ్డు చేరాక నీకు రాసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. దారి మధ్యలో, బాగా ఎండ కాస్తున్న వేళ నొప్పులు మొదలయ్యాయి. ఒడ్డు ఎటు చూసినా దూరమే. నీ మరిది పిచ్చుకను చుక్కాని దగ్గర కూర్చోబెట్టి, అమ్మకు జ్వరం, నువ్వు ఎదురుగానే చూడాలి, వెనక్కి తిరగకూడదు అని చెప్పాడు. అది అలాగే కూర్చుంది. నాకు మంత్రసాని, తల్లి, అన్నీ ఆయనే. అంతా అయ్యాక, చూస్తావా అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. తెరచాప కోసం దాచిన కొత్త గుడ్డ చింపిన చప్పుడు వినిపించింది. ఆయన ఆ చిన్న మూటతో పైకి వెళ్ళి, ఉత్త చేతులతో కిందికి వచ్చాడు. ఆ తరవాత ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు. గాలి గురించి చెప్పుకున్నాం, ఓడల గురించి చెప్పుకున్నాం.

పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు గమనించాను, ఇంజను దగ్గర పనిముట్ల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. నీ మరిది చేతుల నిండా నల్లటి నూనెతో ఆ గోతిలోనే నిలబడి వింటున్నాడు.

నువ్వు ప్రతి ఉత్తరంలో ఎప్పుడొస్తారే అని అడిగావు. గాలి కుదరలేదని రాశాను, ఆయన అలా చెప్పబట్టి. ఇంటికి రావడం ఈ మనిషికి ఇష్టం లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ గోతిలోంచే అన్నాడు: "ఇంటికి దారి అటే కదా. ఆ నీళ్ళ మీదుగా నిన్ను మళ్ళీ ఎలా తీసుకెళ్ళను?"

తీసుకెళ్ళు అన్నాను.

గాలి మళ్ళే కాలం దగ్గరపడింది. బయలుదేరుతున్నాం. ఆ చోటు వచ్చినప్పుడు ఇద్దరం పైనే ఉండాలని అనుకున్నాం, కాపలా వంతు ఎవరిదైనా సరే. పెద్దావిడ మాతో రానంది. రేడియో మాత్రం మళ్ళీ పెట్టింది. మొన్న పొద్దున అందరూ వింటుండగా, నేనొక్కదాన్నే ఉన్నాను, కులాసాగా ఉన్నాను అని చెప్పింది. మేం దూరమయ్యే కొద్దీ ఆ గొంతు కూడా అందకుండా పోతుంది. ఆ తరవాత నాకు మళ్ళీ నీళ్ళే. ఈసారి కూడా భయంగానే ఉంది అక్కా, అబద్ధం ఎందుకు.

పిచ్చుకకు ఇంకా ఏమీ తెలియదు. ఆవేళ వెనక్కి ఎందుకు తిరగొద్దన్నారని ఒకసారి అడిగింది. చెప్పేటప్పుడు నువ్వు పక్కన ఉండాలి.

నేను ఇది రాస్తుంటే నీ మరిది బల్లకు అవతల కూర్చుని తాడు అల్లుతున్నాడు. అక్కకు అంతా రాశావా అని అడిగాడు. రాశానన్నాను. చాలాసేపు అల్లుతూనే ఉన్నాడు. తరవాత తల ఎత్తకుండా, "ఆడపిల్ల అని కూడా రాయి" అన్నాడు.

నాకు ఇప్పుడే తెలిసింది. ఆడపిల్ల, అక్కా.

ఇట్లు,
నీ చెల్లెలు