మేం చెప్తామన్నాను

మంగళవారం, రాత్రి

ఇవాళ బడిలో ఒకే పేజీని మూడో తరగతి వాళ్ళ చేతా, ఎనిమిదో తరగతి వాళ్ళ చేతా చదివించాను. మూడో తరగతి దుర్గ గడగడా చదివేసింది. ఎనిమిదిలో ఉన్న వాళ్ళక్క మల్లేశ్వరి వత్తు వచ్చిన ప్రతిచోటా ఆగింది.

"అక్కా, అది ద కాదే, ధ!"

"నువ్వు నోర్మూసుకోవే!"

పిల్లలంతా నవ్వారు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టకుండా ఉండాల్సింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మల్లేశ్వరి ఇక బడికి రాదట. రేపట్నుంచి తల్లితో మిరపకాయ కోతకు పోతుందట.

"అందరి ముందూ చదవొద్దులేమ్మా. రోజూ సాయంత్రం మా ఇంటికి రా, మేం చెప్తాం," అన్నాను.

ఆ పిల్ల ఆశగా వాళ్ళమ్మ వైపు చూసింది.

"ఏమనుకోబాకండి సార్," అంది తల్లి మెల్లగా. "అమ్మగారుంటే పంపేదాన్నే. ఆడపిల్ల కదండీ."

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. ఒంటరి మగవాడి ఇంటికి నేనైనా పంపను. రేపు ఆ పిల్ల చేలోకే వెళ్తుంది.

మా ఇంటి వసారాలో పిల్లల్ని కూర్చోబెట్టి చదివించింది సరళ, నేను కాదు. తను పోయి ఏడాది దాటింది. "మేం" అన్నప్పుడు మాత్రం తను ఇంట్లోనే ఉందనుకున్నాను.