ఉత్తరాన నడిచే సూర్యుడు

ఖర్వాస్తాన్, 27-4-95

అమ్మా, మేం కులాసా. మీకు ఎండలు ముదిరాయేమో, ఇక్కడ చలి మొదలైంది. ఎండ బాగా తగులుతుందని మనింట్లోలాగే దక్షిణపు గోడ పక్కన మెంతులు చల్లాను. మొలకలు పాలిపోయాయి. పక్కింటి డాలీ పెద్దమ్మ, తాతల నాడే ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ల మనిషి, చూసి "సన్ ఈ పక్క రాదు అమ్మాయ్, నార్త్ సైడే పోతాది" అంది. మిట్టమధ్యాహ్నం పెరట్లో నిలబడి చూశాను. నా నీడ దక్షిణానికి పడింది. భూమధ్యరేఖకి ఇవతల ఉన్నామని అప్పుడు తట్టింది.

తెల్లవాళ్లూ నల్లవాళ్లూ మనవాళ్లూ మొదటిసారి కలిసి ఓట్లేసి ఏడాదైందని ఇవాళ సెలవు. ఆయన ఉత్తరం వైపు కొత్త మడి తవ్వుతున్నారు. నీ మోకాలు ఎలా ఉంది? నాన్నగారి పంచాంగంలో ఇలాంటిదేమైనా రాసుందేమో అడుగు. బెంగపడకు. దారి మార్చినా, సూర్యుడు ఇక్కడా తూర్పునే పొడుస్తున్నాడు.

నీ మృదుల