ముతవల్లి మానిటర్‌కు తగిలిన దిష్టి

నవంబర్ 3, ఆదివారం

ముతవల్లి హాగ్ పొద్దున్నే నా రిపేరు కొట్టుకి వచ్చాడు. పక్క ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ముసలాయన, పెద్దరికానికి వీధంతా హాగ్ అంటారు. ఒరే జాబిర్, నువ్వు అంటగట్టిన మానిటర్ మసకేస్తోంది, దాని బదులు నీ మొహం పెట్టుకున్నా ఇంకాస్త వెలుగుండేది అన్నాడు. వెళ్లి చూశాను. సుబ్బరంగా ఉంది. పోర్ట్ సయీద్ రేవులో పాత సరుకులోంచి నేనే ఏరి తెచ్చిన జర్మన్ మానిటర్. మెనూ కూడా జర్మన్‌లోనే. నాకు అరబ్బీ చదవడమే అంతంతమాత్రం, ఆరో క్లాసులో గోడ దూకినవాణ్ణి.

దిష్టి తగిలింది హాగ్, ఎదురుగా లివర్ శాండ్‌విచ్‌లమ్మేవాడు నిన్న దీన్ని చూసి గుటకలేశాడు అన్నాను. ఆయన గంభీరంగా తలాడించాడు. నవ్వాపుకోలేక బయటికొచ్చేశాను.

నవంబర్ 5

నమ్మేశాడు! మానిటర్ కింది అంచున, నడిమధ్య, దిష్టికి విరుగుడుగా బొటనవేలంత నీలం పూస. గమ్ముతో అంటించాడు.

నవంబర్ 6, ఉదయం పదకొండు

ఇప్పుడు నిజంగానే మసక. నాకూ కనబడుతోంది. కేబుల్ మార్చాను. వేరే కంప్యూటర్‌కి తగిలించాను. బ్రైట్‌నెస్ గీతను చివరిదాకా తోశాను. లాభం లేదు.

ప్రెస్ ఓనర్ ఇహాబ్ గుమ్మంలో నిలబడి, తప్పు మానిటర్‌దా, మనిషిదా ఉస్తాద్ అని అడిగాడు. ఈమధ్య రెండు పుస్తకాలు తప్పులతో బయటికెళ్లాయట. మూడోది కూడా వెళితే హాగ్‌ను ఇంటికి పంపేస్తాడట. ముసలాయనకు పెన్షన్ రావడానికి ఇంకా పదకొండు నెలలుంది. ఈలోగా తీసేస్తే అదీ గల్లంతే.

మానిటర్‌దే అన్నాను. మానిటర్‌ను చంకన పెట్టుకుని నా కొట్టుకి తెచ్చాను.

నవంబర్ 7

ముందు ఫ్రేమ్ ఊడదీశాను. భగ్గున వెలిగింది. ఏమీ చెయ్యలేదే అనుకుంటూ ఫ్రేమ్ బిగించాను. మసక. ఊడదీస్తే వెలుగు, బిగిస్తే మసక. నాలుగుసార్లు చేశాను. నాకే దిష్టి తగిలిందేమో అనుకున్నాను.

ఫ్రేమ్ తిరగేస్తే తెలిసింది. కింది అంచులో చిన్న కన్నం. దాని వెనకున్న సెన్సర్ గదిలో వెలుతురెంతుందో చూసి మానిటర్ కాంతిని పెంచుతుంది, తగ్గిస్తుంది. హాగ్ పూసను సరిగ్గా దానిమీదే అంటించాడు. పాపం మానిటర్ చీకటి పడిందనుకుంది.

నీలం పూసతో దిష్టి తగిలించిన మొదటి మనిషి అలెగ్జాండ్రియా మొత్తానికి ఈయనే అయ్యుంటాడు.

నవంబర్ 10

పూసను వెనక్కి మార్చి అంటించాను. మానిటర్‌ను ఊరేగింపుగా తీసుకెళ్లాను, అట్టపెట్టె మీద దరువేస్తూ. ప్రెస్సంతా చప్పట్లు. పెళ్లికూతురిలా ఉందిరా అన్నాడు హాగ్. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నవంబర్ 11

పూస అంటించింది ఐదున. మసకని హాగ్ నా కొట్టుకి వచ్చింది మూడున.

నవంబర్ 13

హాగ్ నమాజుకెళ్లినప్పుడు కీబోర్డు మీద మూడు మీటలు కలిపి నొక్కాను. పేజీ మొత్తం తలకిందులైంది. ఇది నా పాత చిలిపి పని. ఈ వీధిలో దీనికి నన్ను తిట్టనివాడు లేడు.

ఆయనొచ్చి కూర్చున్నాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కీబోర్డు మీట నొక్కి పేజీలు జరుపుకుంటూ పోయాడు. ఒకచోట తలాడించాడు కూడా. పావుగంట చూశాను. తిట్టలేదు.

నేనే వెళ్లి సరిచేశాను. ఏం చేస్తున్నావురా అన్నాడు. దుమ్ము తుడుస్తున్నానన్నాను.

నవంబర్ 14

టీ తాగించి అడిగాను. వేసవిలోనే చెప్పాడట కంటి డాక్టరు. నరం ఎండిపోతోంది, పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలంటే చుక్కలు వేసుకోమన్నాడట. ఇంట్లో కూడా తెలియదట. నీ మానిటర్ మీద నింద వేశాను, ఏమనుకోకు, ఎలాగూ నీ సరుక్కి పరువెక్కడిది అన్నాడు. కప్పు కింద పెట్టబోయి బల్ల అంచు వెతుక్కున్నాడు.

నవంబర్ 17

ప్రెస్సులో ఆయన పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాను. నీకిక్కడేం పని అన్నాడు ఇహాబ్. మానిటర్ ఉండుండి రంగు మారుస్తోంది, పక్కనే ఉండి కనిపెట్టాలన్నాను. రిపేరు ఎన్నాళ్లు పడుతుందన్నాడు.

పదకొండు నెలలన్నాను.

నా వంక చూశాడు. హాగ్ వంక చూశాడు. పేజీలు తప్పుల్లేకుండా రావాలి అని మాత్రం అని వెళ్లిపోయాడు. కాసేపటికి టీ వచ్చింది. రెండు కప్పులు.

నవంబర్ 24

ప్రూఫులు నేను పైకి చదువుతాను. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. తప్పు తగిలితే చెయ్యెత్తుతాడు. సగంసార్లు తప్పు పుస్తకంలో ఉండదు, నా నోట్లో ఉంటుంది. నిన్ను బళ్లోంచి తరిమిన మేస్టారు స్వర్గానికెళ్లుంటాడు అన్నాడు. లేదు హాగ్, ఇంకా బతికే ఉన్నాడు, నేనంటే భయంతో అన్నాను.

కొట్టు మధ్యాహ్నం తర్వాతే తెరుస్తున్నాను. ఇప్పుడు చదివేది చేపల జాతుల మీద పుస్తకం. నిద్రొస్తోంది.

డిసెంబర్ 2

చదువుతూ చదువుతూ మధ్యలో నా సొంత వాక్యం ఒకటి కలిపాను. చెయ్యెత్తాడు. ఇది రాసింది రచయిత కాదు, గాడిద, తీసెయ్ అన్నాడు.

తీసేశాను.