మామ మిగిల్చే గంజి

అత్తా, రేపు నీ సంవత్సరికం.

మామకు చక్కెర జబ్బని డాక్టరు అన్నం, బెల్లం మాన్పించి ఓట్స్ గంజి తాగించమన్నాడు. ఈ యుద్ధం రోజుల్లో ఆ డబ్బా కోసం మన నగర్తపేట నుంచి సోల్జర్లుండే దండుదాకా తిరగాలి. తీరా తెస్తే, మామ ఆ చప్పిడి గంజిని ముట్టనే లేదు. నువ్వు అంబలికి చేసినట్టే పుల్లమజ్జిగ పోసి, అల్లం, కరివేపాకు దంచి కలిపితే సగం తాగాడు. రుచి చాలలేదేమోనని ఈ పొద్దున ఇంగువ తిరగమాత వేశాను. ఇంకా ఎక్కువ వదిలేశాడు. మనిషి చిక్కిపోతున్నాడు.

"బాగలేదా మామా?" అని కసిరాను.

"శానా బాగుండాదమ్మా. నా తర్వాత మీ అత్త ఈ గిన్నెలోనే కదా తినేది, దానికి ఉండనీ" అన్నాడు.

చప్పగా ఉంటే ముట్టడు. రుచిగా చేసేకొద్దీ నీకే మిగులుస్తున్నాడు. రేపటి గంజిలో ఏం కలపను, అత్తా?