పూల మూర

మల్లవరం,
ఆదివారం మధ్యాహ్నం.

సౌభాగ్యవతి పుణ్యవతికి నీ భర్త అబ్బులు ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, గోడ మీద తిరిగే పక్కింటి పిల్లీ, నువ్వు నాటి వెళ్ళిన సన్నజాజీ. అక్కడ కువైట్‌లో నువ్వూ క్షేమమేనని, ఆ ఎండల్లో బయట తిరగడం లేదని తలుస్తున్నాను. నీ ఉత్తరం పదిహేడు రోజులకి చేరింది. మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవకుండా పెట్టెలో పెట్టేశాను, రేపటికి ఏదో ఒకటి ఉండాలి కదా అని.

నువ్వడిగినవాటికి జవాబులు ముందు రాస్తాను. సన్నజాజి పందిరెక్కింది. తెగ పూస్తోంది. కోసేవాళ్ళు లేక పూలన్నీ వాకిట్లోనే రాలిపోతున్నాయి, చీపురు పెట్టి ఊడ్చాలంటే చెయ్యి రావడం లేదు. నడుంనొప్పి తగ్గింది. వంట నేనే చేసుకుంటున్నాను. చారు ఇంకా నీళ్ళలాగే వస్తోంది గానీ అన్నం మాడబెట్టడం మానేశాను. దేవుడి దగ్గర దీపం గుర్తొచ్చిన రోజు పెడుతున్నాను. ఆ మాటకి తిట్టుకోకు.

ఇక గోడ పూర్తయిందా అన్నావు, పక్కింటి మరిడమ్మ పిన్ని ఎలా ఉంది అన్నావు. ఈ రెండూ ఒకటే ప్రశ్న, పుణ్యం. కాస్త మొదట్నుంచీ చెప్పాలి.

నా సంగతి నీకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఒక సిద్ధాంతి చెప్పాడని ప్రహరీలు కట్టి, ఇంకో సిద్ధాంతి చెప్పాడని వాటినే పడగొట్టి కూలి తెచ్చుకున్నవాణ్ణి. వాస్తే లేకపోతే తాపీ మేస్త్రీలకి పస్తులే అని అందరి దగ్గరా నవ్వేవాణ్ణి. అలాంటివాణ్ణి, సూర్యం సిద్ధాంతి మన వాకిట్లో నిలబడి, "దక్షిణం గోడ నడుమెత్తు కూడా లేదు. ఇల్లాలు ఇంట్లో ఎలా నిలుస్తుందయ్యా?" అంటే ఆ రోజు నవ్వలేకపోయాను. నువ్వెళ్ళి అప్పటికే మూడేళ్ళు దాటింది మరి.

దక్షిణం, పడమర నాలుగేసి మూరలు లేవాలన్నాడు. ఉత్తరం, తూర్పు మూడు దాటకూడదన్నాడు. ఎవరి మూరండీ అంటే ఇంటి యజమాని మూర అన్నాడు. పట్టా నీ పేరున ఉంది, నీ చెయ్యేమో కువైట్‌లో ఉంది. అందుకే మూరెడు దారం కొలిచి పంపమని నీకు రాశాను. పసుపు రాసి, రెండు చివర్లా ముడులేసి పంపావు. ఆ దారం పట్టుకుని నేనే ఇటుకలు పేర్చాను. గోడ నా గడ్డం దాకా లేచింది.

పిన్ని అప్పటికి ఏమీ అనలేదు. నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ పాత గోడ మీదుగా ఏదో ఒక కూర అందిస్తూనే ఉంది కదా. కొత్త గోడ లేచాక తన వైపు ఒక బండరాయి వేసుకుని, దాని మీదెక్కి గిన్నె అందించేది. "నీ గోడ పుణ్యమా అని ఈ వయసులో కొండలెక్కుతున్నాన్రా" అని ఒకటే నవ్వు.

నెల తిరక్కుండా సిద్ధాంతి టేపు పట్టుకుని వచ్చాడు. "నాలుగు మూరలంటే ఆరడుగులుండాలి. అడుగు తగ్గిందేం?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. దారం తీసి నా చేతి మీద పరుచుకున్నాక అర్థమైంది. నువ్వు కొలిచింది పూల మూర! బస్టాండు దగ్గర మాలలమ్మేటప్పుడు మోచేతి మడతలోంచి మొదలుపెట్టి, వేళ్ళు ముడిచేసి కొలిచేదానివే, అదే అలవాటున దారమూ కొలిచేశావు. "ఇది మూరా, జానా?" అని ఆడవాళ్ళు నీతో దెబ్బలాడేవాళ్ళు, గుర్తుందా? నవ్వాగలేదు నాకు. సిద్ధాంతి మాత్రం నవ్వలేదు. "అదీ సంగతి. ఆ అడుగు లోటే ఆవిణ్ణి అక్కడ ఆపేస్తోంది" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే నీ ఉత్తరం వచ్చింది, అక్కడి మేడమ్ ఇంకో రెండేళ్ళ పనికి సంతకం పెట్టమంటోంది, ఏం చెయ్యను అని. నీకేమో "నీ ఇష్టం" అని రాసి పోస్టులో వేశాను. ఇంటికొచ్చి, గోడ మీద నాలుగు వరసలు లేపాను.

ఇటుక పెడుతుంటే పిన్ని అటువైపు బండరాయి ఎక్కింది. "ఒరేయ్ అబ్బులూ, నీ దక్షిణం నాకు ఉత్తరం కాదేంట్రా? ఆ సిద్ధాంతి ఉత్తరం ఎత్తుండకూడదన్నాడని నువ్వే కదా చెప్పావు!"

"నా ఇల్లాలు రావాలి కదా పిన్నీ."

"నాకు రావాల్సినవాళ్ళు ఎవరూ లేరనా? నా ఉత్తరం మూసేశావు, ఇంక నాకు ఉత్తరాలేం వస్తాయిలే" అని దిగిపోయింది. ఎప్పటిలా వేళాకోళమే అనుకున్నాను. గిన్నె రావడం మాత్రం ఆగిపోయింది.

పోయిన ఉత్తరంలో పిన్నీ నేనూ రోజూ మాట్లాడుకుంటున్నామని రాశాను. అబద్ధం. మూడు నెలలు ఒక్క మాట లేదు. పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఇంటికొచ్చి తాళం తీస్తే, "వచ్చావేంట్రా" అనే మనిషి లేదు. అన్నం ముందు కూర్చుని నాతో నేనే మాట్లాడుకున్న రోజులున్నాయి. స్లాబు కోసం వెళ్ళావు. స్లాబు పడింది. దాని కింద నేనొక్కణ్ణే తిరుగుతున్నాను.

పోయిన వారం అటువైపు మూడు రోజులు చీపురు చప్పుడు కూడా లేదు. బెట్టు చేస్తోందిలే అనుకున్నాను. నాలుగో రోజు పాలావిడ వచ్చి, "పక్కనే ఉన్నావు, మీ పిన్ని జ్వరంతో మూలుగుతుంటే వినపళ్ళేదా?" అని కడిగేసింది. పరిగెత్తాను. నులక మంచం మీద ముడుచుకుని పడి ఉంది. కుండలో చుక్క నీళ్ళు లేవు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇప్పుడు ఫరవాలేదు, కంగారుపడకు.

"పిలవొచ్చు కదా పిన్నీ" అన్నాను రిక్షాలో.

"గోడెత్తావు కదరా, వినపడదేమో అనుకున్నాను" అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

ఇక నువ్వడిగిన గోడ సంగతి చెబుతున్నాను. ఈ పొద్దున సుత్తీ ఉలీ తీసుకుని ఆ నాలుగు వరసలూ పడగొట్టేశాను. ఇంకొకళ్ళ మాట మీద ఎన్ని గోడలు పడగొట్టానో లెక్క లేదు, నా అంతట నేను పడగొట్టింది ఇదొక్కటే. మన దక్షిణం గోడ ఇప్పుడు సరిగ్గా నీ పూల మూరలు నాలుగు. అటువైపు నుంచి పిన్ని చూసి, "ఇంక నీ పెళ్ళాం రాదేమోరా, సిద్ధాంతి ఊరుకుంటాడా?" అంది. లోపలికెళ్ళి గిన్నె తెచ్చి, "బెండకాయ పులుసు పెట్టాను, పట్టుకో" అంది. గోడ పట్టుకుని ఏడ్చాను పుణ్యం, దాచడమెందుకు.

సిద్ధాంతి లెక్కన ఈ గోడకి నువ్వు రావు. ఇన్నాళ్ళూ గోడ నిన్ను పిలుస్తుందనుకుని ఇటుక మీద ఇటుక పెట్టాను గానీ, పిలవాల్సినవాణ్ణి నేను నోరు తెరవలేదు. "నిజంగా నా ఇష్టమేనా?" అని ఈ ఉత్తరంలో అడిగావు చూడు, దానికి జవాబు రాస్తున్నాను. కాదు. మగాణ్ణి, ఎలా అడుగుతాను అని అలా రాశాను. సంతకం పెట్టకు. వచ్చెయ్యి.

నీ దారం ఈ కవర్లోనే పెడుతున్నాను. రోజూ పనికెళ్ళే ముందు దాన్ని నా చేతి మీద పరిచి చూసుకోవడం అలవాటైపోయింది. మోచెయ్యి దగ్గర మొదలై నా వేళ్ళ మొదట్లో ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఏమీ ఉండదు. ఇంక దారం నాకొద్దు పుణ్యం, చెయ్యి కావాలి.

ఇట్లు,
నాలుగు వరసలు పడగొడితే గానీ ఒక్క మాట రాయలేకపోయిన
నీ భర్త
అబ్బులు