ఎర్ర నల్లా

మస్కట్, జూన్ 1977, శుక్రవారం

సెలవు కదా, పిల్లలకు ఈరోజు తనే స్నానం చేయిస్తానన్నారు ఆయన. కాసేపటికి చిన్నది కేక పెట్టింది. పరుగెత్తి చూస్తే ఇద్దరినీ ఎర్ర గుర్తున్న వేడినీళ్ల నల్లా కింద కూర్చోబెట్టారు! నీలం గుర్తున్న చన్నీళ్ల నల్లా నీళ్లే అంత కాలుతుంటే ఎర్రది ఇంకెంత కాలుతుందోనని, నేనూ పిల్లలూ ఇక్కడికి వచ్చి వారమైనా నేను దాన్ని ముట్టనే లేదు. భయపడుతూ చెయ్యి పెట్టాను. చల్లగా ఉన్నాయి. ఆ కేక కేరింత!

"ఎండకాలం గీజర్ బంద్ జేస్తం. అండ్ల నీళ్లు చల్లవడ్తయి. నీలం నల్లాల మిద్దె మీది ట్యాంకు నీళ్లు సీదా వస్తయి, ఎండకు మసిలి. నీకు చెప్పలే?" అన్నారు.

చెప్పలేదు! స్నానమంటే పారిపోతున్నారని రోజూ పిల్లల్నే తిట్టాను.

పడుకునేటప్పుడు చిన్నది, "రేపు గూడ నాయిననే నీళ్లు పోస్తడా?" అంది.

"నేనే పోస్త బిడ్డా, ఎర్ర నల్లా నీళ్లే" అన్నాను.

అప్పుడు గానీ చిన్నది కళ్లు మూయలేదు.